చెప్పేవాడికి వినేవాడు లోకువ

పోయిన నెలలో మా దగ్గర బంధువుల ఇంట్లో, భోజనాల దగ్గర, ఒక చిన్న తగవు జరిగింది. ఆ ఇంటి అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. మానవశాస్త్రంలో ఎం.ఏ. చదివి, ఆరోగ్య కార్యక్రమాలలోనో గ్రామాభివృద్ధి పనులలోనో కుదురుకుంటానంటుంది. తండ్రికి ఆ ఆలోచన బొత్తిగా నచ్చలేదు. "ఆరోగ్యం మీద అంత ప్రేమ ఉంటే నర్సింగు చదువు, కాదంటే ఫార్మసీ చదువు. ఈ పుర్రెలు కొలిచే చదువెందుకు?" అన్నాడు. వాళ్ళ పెదనాన్న, నాకు వరసకు అన్నయ్య, ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వ వైద్యుడిగా పల్లెలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మంచి హస్తవాసి అని పేరున్నవారు. ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ తీర్పు చెప్పేశారు. "జబ్బులు తగ్గకపోవడానికి కారణం కనిపెట్టడానికి ఎం.ఏ. అక్కరలేదమ్మా. జనానికి అవగాహన లేదు. చెబితే వినరు. అంతే."

ఆ పిల్ల నావైపు తిరిగి "నువ్వేమంటావు బాబాయ్?" అని అడిగింది. "చూద్దాంలే అమ్మా" అని నేను తప్పించుకున్నాను. పెద్దవారి మాటకు ఎదురు చెప్పడం ఇష్టంలేక తప్పించుకున్నానని ఆ పూట నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది పిరికితనమని ఇంటికి వచ్చాక తెలిసింది. ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇది. ఆలస్యానికి ఆ అమ్మాయి నన్ను క్షమించాలి.

ముందుగా ఆ "అవగాహన" అనే మాట సంగతి తేల్చుకుందాం. మన ప్రభుత్వ కార్యాలయాలు అరగదీసిన మాటలలో ఇది మొదటిది. అవగాహన సదస్సు, అవగాహన ర్యాలీ, అవగాహన వారోత్సవం. ఏ పథకం చతికిలబడినా నివేదికలో ఒకటే వాక్యం: ప్రజలలో అవగాహన లేకపోవడం. నిఘంటువు తీసి చూడండి. అవగాహనమంటే మునక అని, స్నానమని అర్థం కనిపిస్తుంది. నీళ్ళలో దిగి మునిగితే తప్ప లోతు తెలియదు కనుక, తెలుసుకోవడానికి ఆ మాట వచ్చింది. అయితే మునగవలసింది ఎవరు? ఆ ఊళ్ళో పుట్టి, ఆ నీళ్ళు తాగి, ఆ జబ్బులు పడేవాళ్ళు నిత్యం మునిగే ఉన్నారు. గట్టున నిలబడినది మనం. గట్టున నిలబడి, నీళ్ళలో ఉన్నవాడికి లోతు తెలియదని నివేదిక రాయడం ఏ రకమైన చదువో నాకు అర్థం కాదు.

అనువర్తిత మానవశాస్త్రమంటే, నాకు తెలిసినంతలో, గట్టు దిగడం నేర్పే చదువు. ఇది పుర్రెలు కొలిచే చదువని ఇంకా అనుకునేవారికోసం కొన్ని ఉదాహరణలు చెబుతాను. మొదటిది చాలా పాతది, చాలా దూరానిది. కాని చదివినప్పుడు మా అమ్మమ్మ వంటిల్లు గుర్తుకొచ్చింది.

పెరూ దేశంలో లాస్ మొలినోస్ అనే చిన్న ఊరు. సుమారు రెండువందల కుటుంబాలు. తాగే నీళ్ళు మంచివి కావు. నీళ్ళు కాచి తాగండని చెప్పడానికి ఆరోగ్యశాఖ ఒక కార్యకర్తను పెట్టింది. ఆమె రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగింది. వైద్యుడొచ్చి ఉపన్యాసాలిచ్చాడు. రెండేళ్ళ తరవాత లెక్క చూస్తే కొత్తగా నీళ్ళు కాచడం మొదలుపెట్టిన గృహిణులు పదకొండుమంది. జనానికి అవగాహన లేదని రాసి ఫైలు మూసెయ్యడానికి ఇంతకన్న మంచి అవకాశం దొరకదు. ఎడ్వర్డ్ వెలిన్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఫైలు మూయకుండా ఆ ఇళ్ళలోకి వెళ్ళి కూర్చున్నాడు. బెంజమిన్ పాల్ సంపాదకత్వంలో 1955లో వచ్చిన "హెల్త్, కల్చర్ అండ్ కమ్యూనిటీ" అనే పుస్తకంలో అతని వ్యాసం ఉంది. ఆ ఊళ్ళో తినే తాగే ప్రతి వస్తువుకూ వేడి, చలువ అనే గుణాలున్నాయి. కాచిన నీళ్ళు రోగులకు సంబంధించినవి. ఒంట్లో బాగాలేనివాళ్ళు తాగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాడు కాచిన నీళ్ళు తాగడమంటే తాను రోగినని ఒప్పుకోవడం. దానికి తోడు వంటచెరకు, తీరిక, పొయ్యి ఖాళీ అయ్యే వేళ, ఇవన్నీ చూసుకోవాలి. ఇంటింటికీ వచ్చే కార్యకర్తను పేద గృహిణులు ఆరాలు తియ్యడానికి వచ్చిన బయటి మనిషిగానే చూశారు.

ఈ వేడి, చలువల సంగతి మనకు ఎవరైనా వివరించాలా? మామిడిపండు వేడి చేస్తుంది, మజ్జిగ చలువ చేస్తుంది అని పలకడం మాటలు వచ్చినప్పటినుంచీ నేర్చుకున్నవాళ్ళం. మా అమ్మమ్మ ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు వేరే ఉండేది. అది జ్వరం వచ్చినవాళ్ళకూ బాలింతలకూ. మిగిలినవాళ్ళం కడవలో నీళ్ళు తాగేవాళ్ళం. ఎప్పుడైనా పొరపాటున ఆ చెంబు ముట్టుకుంటే "నీకేమొచ్చిందిరా, రాయిలా ఉన్నావు" అనేది. లాస్ మొలినోస్ గృహిణికీ మా అమ్మమ్మకూ మధ్య ఒక మహాసముద్రమూ రెండు ఖండాలూ ఉన్నాయి. నీళ్ళు కాచడం గురించి ఇద్దరూ ఒకటే అనుకున్నారు. వాళ్ళకు తెలివి లేక అనుకోలేదు. ఎవరికి ఏ నీళ్ళు అనే విషయంలో వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి తెలియకుండా ఇచ్చిన ఉపన్యాసం ఎంత శాస్త్రీయమైనదైనా గాలికి పోతుంది.

రెండో ఉదాహరణ మనకు దగ్గరిది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి 1990 దాకా విరేచనాలతో చనిపోయే పిల్లలను కాపాడడానికి ఇల్లిల్లూ తిరిగింది. మూడు వేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు, ఇంతే మందు. సుమారు కోటీ ఇరవై లక్షల ఇళ్ళలో తల్లులకు ఇది నేర్పారు. నేర్పే స్త్రీల జీతం కూడా తమాషాగా కట్టారు. కొన్నాళ్ళ తరవాత వేరేవాళ్ళు వెళ్ళి తల్లులను పరీక్షిస్తారు; తల్లికి ఎంత గుర్తుంటే నేర్పిన మనిషికి అంత డబ్బు. మన పాఠశాలలలో ఈ పద్ధతి పెడితే ఎంతమందికి జీతం వస్తుందో ఆలోచించండి! సరే, తల్లులందరూ పాఠం బాగా అప్పజెప్పారు. తీరా చూస్తే, బిడ్డకు విరేచనాలైనప్పుడు ఆ నీళ్ళు కలిపి పట్టినవాళ్ళు మొదట్లో చాలా తక్కువ.

అన్నయ్య మాట ప్రకారం ఇక్కడ అవగాహన నిండుగా ఉంది. ఉన్నా పని జరగలేదు. ఎందుకని అడగడానికి ఇళ్ళలోకి మనుషులను పంపితే మూడు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, ఆ తల్లుల భాషలో విరేచనాలు నాలుగు రకాలు, నాలుగింటికీ నాలుగు పేర్లు. కార్యకర్తలు వాడిన "డయేరియా" అనే మాట వాళ్ళకు ఆ నాలుగింటిలో ఒక్కదానికే, కలరాలాంటి తీవ్రమైన నీళ్ళ విరేచనాలకే, చెల్లుతుంది. కాబట్టి మిగతా మూడింటికి ఆ మందు వర్తించదనుకున్నారు. రెండు, ఇంట్లో మగవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మూడోది అన్నిటికన్న ముఖ్యమైనది. నేర్పడానికి వెళ్ళిన కార్యకర్తలలోనే చాలామందికి ఆ మందు మీద నమ్మకం లేదు. తమకు విరేచనాలైతే వేరే మందులు వేసుకునేవారు. ఆ తరవాత పద్ధతి మార్చారు. మాటలు మార్చారు, మసీదులలోనూ సంతలలోనూ మగవాళ్ళతో మాట్లాడారు, ముందు కార్యకర్తలకు నమ్మకం కలిగించారు, తల్లుల ఎదుటే ఆ నీళ్ళు తాము గుక్కెడు తాగి చూపించారు. వాడకం పెరిగింది. ఇందులో కొత్తగా కనిపెట్టిన మందేమీ లేదు. ఉప్పు, బెల్లం, నీళ్ళు అవే.

ఇంతవరకూ చదివినవారిలో కొందరు అనవచ్చు: "అంటే మానవశాస్త్రం మూఢనమ్మకాల జాబితా తయారు చేసి డాక్టర్లకు ఇస్తుందన్నమాట." అంతకన్న పెద్ద పని ఉంది. జనం దగ్గర మనం నేర్చుకోవలసినది కూడా ఉంటుందని చూపించడం ఆ పని.

2000 చివర్లో ఉగాండాలోని గులూ ప్రాంతంలో ఎబోలా వచ్చింది. 425 మందికి సోకింది, 224 మంది చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బారీ హ్యూలెట్ అనే మానవశాస్త్రజ్ఞుడిని పిలిపించింది. అక్కడి అచోలీ ప్రజల దగ్గర ఇలాంటి జబ్బుకు ఒక పేరుంది, "గెమో". చుట్టుగాలిలా వచ్చి చాలామందిని ఒకేసారి పట్టే దుష్టశక్తి అది. ఒక జబ్బు గెమో అని పెద్దలు తేల్చాక కొన్ని కట్టుబాట్లు అమలులోకి వస్తాయి. రోగిని ఊరి ఇళ్ళకు దూరంగా వేరే గుడిసెలో ఉంచాలి. ఆ ఇంటి ముందు రెండు పొడుగాటి గడ్డి వాసాలు పాతి గుర్తు పెట్టాలి. అంతకుముందు ఆ జబ్బు పడి బతికినవాడే రోగికి తిండీ నీళ్ళూ అందించాలి. గర్భిణులూ పిల్లలూ దగ్గరికి పోకూడదు. ఊళ్ళో ఆటపాటలు ఆపాలి. ఊరూరూ తిరగకూడదు. ఇందులో దేవతల పేరు తీసేస్తే మిగిలేది ఏ అంటువ్యాధుల నిపుణుడైనా రాసిచ్చే ఆదేశాల పట్టికే కదా?

మనకు ఇదీ కొత్త కాదు. "అమ్మవారు పోసింది" అనగానే గుమ్మానికి వేపమండలు కట్టే ఇళ్ళు మన తరానికి బాగా తెలుసు. ఆ ఆకు చూసి వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయేవాడు. ఇంట్లో పోపు వేసేవారు కాదు, బయటివాళ్ళను రానిచ్చేవారు కాదు, తగ్గాక నీళ్ళు పోసేదాకా రోగిని కదలనిచ్చేవారు కాదు. అమ్మవారి పేరు వినగానే నవ్వే చదువరులకు ఆ వేపమండ ఏ పని చేసిందో కనిపించదు. మశూచిని ఈ దేశం నుంచి పారదోలింది టీకాయే. 1975 తరవాత మన దేశంలో మశూచి లేదు. టీకా గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. టీకా వెయ్యడానికి వెళ్ళిన మనిషికి ఏ ఇంట్లో రోగి ఉన్నాడో చెప్పే గుర్తు గుమ్మానికే వేలాడుతుంటే, దాన్ని పీకి పారేసి ఉపన్యాసం మొదలుపెట్టడం తెలివైన పనా అని మాత్రమే అడుగుతున్నాను.

ఆ తెలివితక్కువ పని చేస్తే ఏమవుతుందో పశ్చిమ ఆఫ్రికా చూసింది. 2014లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలలో ఎబోలా పెచ్చుపెరిగినప్పుడు శవాలను ప్లాస్టిక్ సంచులలో చుట్టి, ముఖాలు కనిపించని తొడుగులు వేసుకున్న మనుషులు తీసుకుపోయారు. ఎక్కడ పాతిపెట్టారో చాలా కుటుంబాలకు తెలియలేదు. శవాన్ని కడగడం వలన జబ్బు అంటుకుంటుందన్నది నిజం. కాని కడగకుండా, ప్రార్థన లేకుండా తల్లిని పంపించమంటే ఎవరు ఒప్పుకుంటారు? జనం రోగులను దాచారు, రాత్రిళ్ళు రహస్యంగా పూడ్చారు. ఆ సెప్టెంబరులో గినీలోని వోమే అనే ఊళ్ళో, ఎబోలా గురించి చెప్పడానికి వెళ్ళిన బృందంలో ఎనిమిదిమందిని చంపేశారు. అధికారులు, ఆరోగ్య సిబ్బంది, విలేకరులు వాళ్ళలో ఉన్నారు. ఆ హత్యలను సమర్థించడానికి ఏ వాదమూ చాలదు. ఆ తరవాతే మానవశాస్త్రజ్ఞుల మాటకు చెవి దొరికింది. సంవత్సరాంతానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చింది. కుటుంబం దగ్గరుండి చూడవచ్చు, మతపెద్ద ప్రార్థన చేయవచ్చు, చేత్తో ముట్టకుండా జరిగే కర్మకాండ జరగవచ్చు, సమాధికి గుర్తు ఉంటుంది. మొత్తం మీద 28,600 మందికి పైగా జబ్బు పడి, 11,300 మందికి పైగా చనిపోయిన విపత్తు అది. చివర్లో అడిగిన ప్రశ్న మొదట్లోనే అడిగి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో లెక్క కట్టలేను. పదునాలుగేళ్ళ క్రితమే గులూలో నేర్చుకున్న పాఠమది అన్నది మాత్రం మరిచిపోలేను.

ఇక్కడ ఆగి, నా వైపు వాళ్ళతోనూ ఒక మాట చెప్పాలి. మానవశాస్త్రం చదివినవారికి కూడా ఒక జబ్బు ఉంది. ప్రతి దానికీ సంస్కృతిని కారణంగా చూపడం. "వాళ్ళ విశ్వాసాలు అలాంటివి" అనడం వినడానికి గౌరవంగా ఉంటుంది కాని, చాలాసార్లు అది "అవగాహన లేదు" అనే మాటకు పట్టుబట్ట కట్టడమే. హైతీలో పనిచేసిన పాల్ ఫార్మర్ వైద్యుడూ, మానవశాస్త్రజ్ఞుడూ. క్షయరోగం చేతబడి వలన వస్తుందని నమ్మేవాళ్ళు అక్కడ చాలామంది. అందుకే మందులు సరిగా వేసుకోరని అందరూ అనుకున్నారు. ఫార్మర్ బృందం 1989 ప్రాంతంలో రోగులను రెండు జట్లుగా చేసి చూసింది. ఒక జట్టుకు ఉచితంగా మందులు మాత్రమే. రెండో జట్టుకు మందులతోపాటు ఇంటికి వచ్చే కార్యకర్త, తిండికీ ప్రయాణానికీ నెలనెలా కొంత డబ్బు. మొదటి జట్టులో సగంమందికి కూడా నయం కాలేదు. రెండో జట్టులో దాదాపు అందరికీ నయమైంది. చేతబడిని నమ్మడానికీ నమ్మకపోవడానికీ ఫలితంతో సంబంధమే లేదు. ఆకలితో ఉన్నవాడికి మందు పడదు. ఇందులో సంస్కృతి ఏముంది? 2022లో చనిపోయేవరకూ ఫార్మర్ ఈ మాటే చెబుతూ వచ్చాడు. సంస్కృతి ఎక్కడ కారణమో, పేదరికం ఎక్కడ కారణమో విడదీసి చూపలేని మానవశాస్త్రం వైద్యుడి అహంకారానికి మరో ఊతకర్ర అవుతుంది.

అదీగాక, నమ్మకాలు రోగికే ఉంటాయని ఎవరు చెప్పారు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇన్ని వేలమంది ఆడవాళ్ళు ఆపరేషను బల్ల ఎక్కింది డాక్టరు మాట వినకనా, వినా? తెల్లబట్ట అవుతోందని వస్తే కాన్సరు భయం చెప్పడం, పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముందనడం, ఇవి ఏ గ్రామదేవత పూజారి చెప్పిన మాటలు? పిల్లలు పుట్టాక గర్భసంచి అనవసరమైన అవయవం అన్నది కూడా ఒక నమ్మకమే. తెల్లకోటు వేసుకున్నంత మాత్రాన అది శాస్త్రం కాదు. పొలం పనికి పోయే మనిషికి నెలసరి సెలవు లేదని, మరుగుదొడ్డి లేదని, డాక్టరు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళే డబ్బు లేదని, అందుకే ఒక్కసారి తీయించేసుకుంటే పోతుందని ఆమె లెక్క వేసుకుంటుంది. ఈ లెక్కను కూర్చుని వినేవాళ్ళు కావాలి. ఆసుపత్రిని కూడా ఒక గ్రామంలాగా, అక్కడి ఆచారాలను ఆచారాలుగా చూసే కన్ను కావాలి. మా అన్నయ్యకు "మంచి హస్తవాసి" అనే పేరు ఇచ్చింది జనం నమ్మకమే. ముప్ఫయ్యేళ్ళలో ఆ ఒక్క మూఢనమ్మకాన్ని ఆయన ఖండించిన దాఖలా లేదు!

మన గడ్డ మీద ఈ చదువుకు చరిత్ర లేదనుకోవద్దు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన అనుచరులు నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. ఆ తరవాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి తోచింది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడిని ఆదిలాబాదు పంపింది. ఆయన మార్లవాయిలో నివాసం పెట్టి, గోండీ నేర్చుకుని, భూములు ఎలా చేతులు మారాయో రాసి చూపించాడు. పట్టాలు ఇవ్వాలన్నాడు. 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలయింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది; 2012లో ఆయన అవశేషాలను కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. తమ మాట విన్న మనిషిని ఊరు ఎలా గుర్తుపెట్టుకుంటుందో చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. కాని క్రమం గమనించండి. ముందు తుపాకి, తరవాత మానవశాస్త్రం. భీం బతికుండగా అడిగి ఉంటే ఆయనే చెప్పేవాడు, ఆస్ట్రియా నుంచి ఎవరూ రానక్కరలేకుండా.

ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాదు పక్కనున్న షామీర్‌పేట మీద "ఇండియన్ విలేజ్" రాశాడు; అది 1955లో వచ్చింది. 1952 అక్టోబరు 2న మొదలైన సామాజిక వికాస పథకం ఉత్తరప్రదేశ్ గ్రామాలలో ఎలా నడుస్తోందో చూసి, 1958లో ఇంకో పుస్తకం రాశాడు. పథకం ఫలాలు ఊళ్ళో బాగా ఉన్నవాళ్ళకే ఎక్కువ అందుతున్నాయని, గ్రామసేవకుడు పైఅధికారికీ ఊరికీ మధ్య నలిగిపోతున్నాడని అందులో ఉంది. ఆరు దశాబ్దాలు దాటాయి. గ్రామసేవకుడి పేరు తీసి ఆశా కార్యకర్త పేరు పెట్టి చదవండి. ఏ ఇంట్లో గర్భిణి మాత్రలు చూరులో దాచేస్తోందో, ఎందుకు దాచేస్తోందో ఆమెకు తెలుసు. బిడ్డ లావైతే కాన్పు కష్టమని, ఆసుపత్రి ఇరవై మైళ్ళ దూరంలో ఉందని, ఆ గర్భిణి భయం. ఆ భయం రాయడానికి ఆశా కార్యకర్త నింపే పత్రంలో గడి లేదు. ఎన్ని మాత్రలు పంచారనే గడి మాత్రం ఉంది.

గడులు నింపే ఆరాటం ఎక్కడిదాకా పోతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ మూడు మండలాలలో సుమారు పద్నాలుగు వేలమంది బాలికలకు, గర్భాశయ ముఖద్వార కాన్సరును అడ్డుకునే టీకాను ప్రయోగాత్మకంగా వేశారు. భద్రాచలం ప్రాంతపు గిరిజన వసతిగృహాల పిల్లలు వాళ్ళలో ఉన్నారు. తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. పరిశీలనకు వచ్చిన 9,543 అనుమతి పత్రాలలో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది వసతిగృహాల వార్డెన్లు. కొన్ని మరణాల వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది. అయినా అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా చెడ్డదని నేననడం లేదు. ఎందరో స్త్రీలను కాపాడగల టీకా అది. అందుకే మరీ బాధ. కోయ తల్లిని ఆమె భాషలో, ఆమె గుమ్మంలో కూర్చుని అడగడానికి ఆరు నెలలు పట్టేది. ఆ ఆరు నెలలు మిగుల్చుకోబోయి ఒక మంచి టీకా మీద ఏళ్ళ తరబడి అనుమానం కొని తెచ్చుకున్నారు.

ఈ చదువు మీద రెండు ఆక్షేపణలు తరచు వినిపిస్తాయి. ఒకటి, మహమ్మారి ముంచుకొస్తుంటే ఏడాదిపాటు ఊళ్ళో కూర్చునే తీరిక ఎక్కడిదని. నిజమే. ఇల్లు తగలబడుతున్నప్పుడు బావి తవ్వకూడదు. అందుకే ముందే తవ్వి ఉంచుకోవాలి. ప్రతి జిల్లాలోనూ ఆ భాష, ఆ బంధుత్వాలు, ఆ జబ్బుల పేర్లు తెలిసిన మనిషి జీతం మీద ఉండాలి. రెండోది గట్టిది: ఈ చదువు ఎప్పుడూ పాలకుల చేతి కర్రేనని. దీన్ని నేను కొట్టిపారెయ్యను. 2007 నుంచి 2014 దాకా అమెరికా సైన్యం ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో మానవశాస్త్రజ్ఞులను వెంట తిప్పుకున్నది. అమెరికా మానవశాస్త్ర సంఘమే దాన్ని తప్పుపట్టింది. నిజాం పంపిన మనిషి గోండుల పక్షాన రాశాడంటే అది ఆయన మంచితనం. అందరూ అలాగే రాస్తారన్న హామీ లేదు. జనాన్ని ఒప్పించి పెట్టే పనికి మానవశాస్త్రజ్ఞుడిని వాడుకుంటే, అతను తియ్యగా మాట్లాడే అమీనా అవుతాడు. కాబట్టి నా షరతు ఒకటే. ఊరు "వద్దు" అంటే ఆ "వద్దు"ను పైకి తీసుకువెళ్ళి పథకాన్ని ఆపించే అధికారం అతనికి ఉండాలి. ఆ అధికారం లేని చోట ఉద్యోగం చెయ్యకపోవడమే మేలు.

ఇక ఆ అమ్మాయికి. చదువు తల్లీ. మన విశ్వవిద్యాలయాలలో ఈ శాఖలు ఉన్నాయి. ఆంధ్రలో ఉంది, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది. చదువుతోపాటు కోయ గాని, గోండీ గాని, సవర గాని ఒక భాష నేర్చుకో. అంటువ్యాధుల లెక్కలు కూడా నేర్చుకో. శవాన్ని కడిగితే జబ్బు అంటుకుంటుందని తెలియని మానవశాస్త్రజ్ఞురాలు ఊరికి మేలు చెయ్యలేదు. ఉద్యోగాలు తక్కువ, జీతాలు ఇంకా తక్కువ అని మీ నాన్న అన్నది అబద్ధం కాదు. అది ఈ చదువు తప్పు కాదు. చెప్పేవాళ్ళకు జీతాలిచ్చి వినేవాళ్ళకు ఇవ్వని మన అలవాటు తప్పు.

అన్నయ్యగారికి కూడా ఈ వ్యాసం అచ్చు తీసి పంపుతున్నాను. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గలేదు. అర్ధరాత్రి బండి కట్టించుకుని కాన్పులు చేయడానికి వెళ్ళిన మనిషి ఆయన. ఆయనను ఒకటే అడుగుతున్నాను. ముప్ఫయ్యేళ్ళలో మీరు చెప్పిన మాట వినకుండా పోయిన రోగులలో, "ఎందుకు వినలేదు?" అని మీరు కూర్చోబెట్టి అడిగినవాళ్ళు ఎంతమంది? వాళ్ళు ఏమన్నారు? గుర్తుంటే రాయండి. తిట్టడానికైనా సరే, రాయండి. ఆ జవాబులు మీ తరంతోనే పోకూడదు. మన పిల్ల చదవబోయే పాఠాలలో అవి మొదటివి.